స్విచ్‌లో ఐజీఎంపీ స్నూపింగ్: ముందు క్వెరియర్‌ను పెట్టండి

బెంగళూరులో వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ రోడ్డు వైపు పెద్ద అపార్ట్‌మెంట్లలోనూ ఆఫీసుల్లోనూ నెట్‌వర్క్ చూసుకునే మన తెలుగు ఇంజినీర్లకు సీసీ కెమెరాల మల్టీకాస్ట్ (ఒకే వీడియోను, కావాలన్న పరికరాల గ్రూపుకు ఒకేసారి పంపడం) పని తగులుతూనే ఉంటుంది. ఏ గ్రూపు కావాలో పరికరాలు చెప్పుకునే పద్ధతి ఐజీఎంపీ; స్విచ్ ఆ మాటలను విని నడుచుకోవడమే స్నూపింగ్. స్నూపింగ్ లేని స్విచ్ మల్టీకాస్ట్ ఫ్రేములను వీల్యాన్ (స్విచ్‌లలో విడదీసిన నెట్‌వర్క్ భాగం)లోని అన్ని పోర్టులకూ పంపేస్తుంది. 4 ఎంబీపీఎస్ చొప్పున 40 కెమెరాలుంటే 160 ఎంబీపీఎస్ అవుతుంది కనుక, 100 ఎంబీపీఎస్ పోర్టుకున్న ఫోను, ప్రింటరు పనిచేయడం మానేస్తాయి.

స్నూపింగ్ ఆన్ చేస్తే, ఏ పోర్టులోని పరికరం ఏ గ్రూపు కావాలని రిపోర్టు పంపిందో స్విచ్ గుర్తుపెట్టుకుని ఆ పోర్టుకే పంపుతుంది. అయితే ఆ గుర్తుకు గడువుంది. క్వెరియర్ (ఏ గ్రూపు ఎవరికి కావాలని అడిగే స్విచ్ లేదా రూటరు) 125 సెకన్లకోసారి అడుగుతుంటేనే పరికరాలు మళ్లీ రిపోర్టు పంపుతాయి. అడిగేవారే లేకపోతే, సాధారణ సెట్టింగుల ప్రకారం 260 సెకన్లకు ఆ నమోదు చెరిగిపోయి, నాలుగు నిమిషాలు చక్కగా వచ్చిన వీడియో ఆగిపోతుంది. దీన్ని కెమెరా లోపమనుకుని కెమెరాను మార్చడం వృథా ఖర్చు.

కాబట్టి స్నూపింగ్ కంటే ముందు, కోర్ స్విచ్‌లో (మిగతా స్విచ్‌లన్నీ కలిసే ప్రధాన స్విచ్), మల్టీకాస్ట్ నడిచే ప్రతి వీల్యాన్‌కూ ఆ వీల్యాన్‌లోని ఐపీ చిరునామాతో క్వెరియర్‌ను ఏర్పాటు చేయండి. రెండు క్వెరియర్లుంటే తక్కువ ఐపీ చిరునామా ఉన్నదే ఆ బాధ్యత తీసుకుంటుంది; అందువల్ల ఎక్కడో మూలనున్న చిన్న స్విచ్‌కు తక్కువ చిరునామా ఇవ్వకండి. రికార్డింగ్ సర్వరు వేరే వీల్యాన్‌లో ఉంటే ఇది చాలదు, రూటరులో పిమ్ (మల్టీకాస్ట్‌ను ఒక వీల్యాన్ నుంచి మరోదానికి దాటించే ప్రోటోకాల్) కూడా కావాలి.

గ్రూపు చిరునామాలను 239తో మొదలయ్యేవాటి నుంచి ఎంచుకోండి, కానీ 239.0.0.1, 239.128.0.1 వంటివి వద్దు. ఐపీ గ్రూపు చిరునామాలోని చివరి 23 బిట్లు మాత్రమే మ్యాక్ చిరునామా (స్విచ్ ఫ్రేముపై చూసే చిరునామా)లోకి చేరుతాయి కనుక, ఇవి 224.0.0.1తో ఒకే మ్యాక్‌ను పంచుకుంటాయి, 224.0.0 వరుసను స్విచ్‌లు ఎప్పుడూ అన్ని పోర్టులకూ పంపాలి కాబట్టి, మ్యాక్‌ను బట్టి వడపోసే స్విచ్‌లలో మీ వీడియో కూడా వాటి వెంటే అన్ని పోర్టులకూ పోతుంది. ఈ సంగతి చాలామంది గమనించరు.

ఫాస్ట్ లీవ్‌ను (పరికరం తప్పుకుంటానగానే ఆ పోర్టుకు పంపడం వెంటనే ఆపే సెట్టింగు) ఒకే పరికరమున్న పోర్టులోనే పెట్టాలి. ఆ పోర్టు కింద మరో స్విచ్ ఉంటే, ఒకరు తప్పుకోగానే మిగతావారికీ వీడియో ఆగుతుంది.

చివరగా, స్విచ్‌లో క్వెరియర్ చిరునామా, గ్రూపుల పట్టిక చూసి, వీడియోను కనీసం పది నిమిషాలు నడవనిచ్చాకే పని అప్పగించండి.