వాన వెలిశాక సైకిలుకు వచ్చే జబ్బులు

పొద్దున్నే విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీ నుంచి బీచ్ రోడ్డు మీదుగా రుషికొండ దాకా తొక్కి రావడం నాకు అలవాటు. జూన్‌లో మొదలైతే నవంబరు తుఫానుల దాకా వారానికోసారైనా తడవక తప్పదు. తడిస్తే సైకిలుకేమీ కాదు. తడిసినదాన్ని గోడకు ఆనించి మర్నాటి దాకా మర్చిపోతేనే గొడవ. పైగా మన ఊళ్ళో నీటితో పాటు ఉప్పు కూడా అంటుకుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీరు పీల్చుకుని కరుగుతుంది. వానాకాలంలో ఇక్కడి గాలికి అదో లెక్క కాదు. అంటే ఉప్పు కడిగెయ్యనంత వరకూ, ఆరిపోయిందని మనం అనుకున్న సైకిలు నిజానికి ఆరదు.

చైను కిచకిచమంటోంది, వేలు పెడితే ఎర్రపొడి అంటుతోంది

వాన లింకుల మధ్య ఉన్న నూనెను కడిగేసింది, ఇసుకను లోపలికి తోసింది. పైన కనిపించే తుప్పుకు కంగారు పడక్కర్లేదు. నష్టమంతా లోపల, పిన్నుకూ రోలరుకూ మధ్య జరుగుతుంది.

ఇంటికి రాగానే మగ్గుతో మంచినీళ్ళు పోయండి. బైకులు కడిగే ప్రెషర్ పైపు మాత్రం వద్దు, అది నీళ్ళను బేరింగుల్లోకి కొడుతుంది. పాత బనీను గుడ్డతో చైను పట్టుకుని పెడల్ వెనక్కి తిప్పుతూ తుడవండి. జిడ్డుమట్టి వదలకపోతే బ్రష్షుతో కాస్త డీజిల్ రాసి, మళ్ళీ తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. ఆ తర్వాత ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క చైన్ ఆయిల్. పది నిమిషాలాగి పైన మిగిలిన నూనె తుడిచెయ్యండి, లేకపోతే రేపటి ఇసుకంతా దానికే అంటుకుంటుంది.

డబ్ల్యూడీ-40 కొట్టేస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. దాని పేరులో డబ్ల్యూడీ అంటే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, నీటిని తరిమేది. ఆ పని బాగా చేస్తుంది. కానీ మామూలు నీలం డబ్బాలోది కందెనగా ఎక్కువ కాలం నిలవదు, దాని మీద ఆయిల్ వెయ్యాల్సిందే. కుట్టుమిషన్ నూనె ఒక్క వానకే పోతుంది. కొబ్బరినూనె సంగతి అడగొద్దు, నాలుగు రోజుల్లో బంకలా పేరుకుంటుంది.

ఇంత చేసినా చైను పళ్ళ మీద ఎగిరితే స్కేలు తీసుకోండి. పిన్ను నడిమి నుంచి పిన్ను నడిమికి 24 లింకులు కొలిస్తే సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువుంటే చైను మార్చండి. ఎనిమిదో వంతు దాటితే ఫ్రీవీల్, అంటే వెనక చక్రానికుండే పళ్ళ చక్రం కూడా అరిగిపోయినట్టే, రెండూ కలిపి మార్చుకోవాలి.

బ్రేకు నొక్కినా బండి ఆగట్లేదు

పాండురంగాపురం డౌన్‌లో ఇది తెలిస్తే గుండె జారుతుంది. రిమ్ము మీది నీటి పొరను బ్రేకు రబ్బరు ముందు తుడవాలి, ఆ తర్వాతే పట్టు దొరుకుతుంది. మెరిసే స్టీలు రిమ్ములైతే మరీ ఘోరం. అందుకే దిగుడు మొదలవక ముందే రెండు బ్రేకులూ మెల్లగా ఒకసారి పట్టి వదలండి. మ్యాన్‌హోల్ మూతల మీద, జీబ్రా గీతల మీద మాత్రం బ్రేకు ముట్టుకోకండి.

గరగరమని చప్పుడొస్తుంటే రబ్బరులో ఇసుక గుచ్చుకుంది. అది రిమ్మును గీకుతుంది. పిన్నీసుతో ఆ రవ్వలు తీసి, రబ్బరును గరుకు కాగితంతో రుద్దండి. డిస్కు బ్రేకు తడిసినప్పుడు కాసేపు అరవడం మామూలే. ఆరాక కూడా అరిచిందంటే మీరు చైనుకు కొట్టిన నూనె డిస్కు మీద పడి ఉంటుంది. డిస్కును స్పిరిట్‌తో తుడవండి. ప్యాడ్లు నూనె తాగితే కొత్తవే గతి.

సైకిలు ఎత్తితే లోపల గలగల, పెడల్ తొక్కితే కరకర

ఒక అక్టోబరులో సైకిలు మెట్లెక్కిస్తుంటే ఫ్రేములో నీళ్ళు కదులుతున్న చప్పుడు వినిపించింది. సీటు రాడ్ తీసి సైకిలు తలకిందులు చేస్తే, అర గ్లాసు పైనే, అచ్చం టీ డికాషన్ రంగులో కారింది. మెకానిక్ బీబీ సెట్టు, అంటే ఫ్రేము అడుగున పెడళ్ళ ఇరుసు తిరిగే బేరింగుల సెట్టు, విప్పి నా అరచేతిలో పోశాడు. మెరవాల్సిన బాల్స్ చింతగింజల్లా ఉన్నాయి. "ఏటి బాబూ, సైకిలు సముద్రంలో గానీ తోలినారేటి?" అన్నాడు.

నీళ్ళు వచ్చింది పైనుంచి. సీటు రాడ్ బిగించే చోట ఫ్రేముకు వెనకవైపు చిన్న చీలిక ఉంటుంది. మడ్‌గార్డ్ లేకపోతే వెనక టైరు చిమ్మే నీళ్ళు సూటిగా అందులోకే పోతాయి. అక్కణ్ణించి కిందికి జారి బీబీలో నిలుస్తాయి.

ముందు మడ్‌గార్డ్ వేయించుకోండి, అందం తర్వాత. పాత ట్యూబులోంచి రెండంగుళాల ముక్క కోసి, ఆ చీలిక మూసుకుపోయేలా రాడ్‌కు తొడుక్కోండి. పెద్ద వానలో తడిసినప్పుడల్లా రాడ్ తీసి సైకిలును తలకిందులుగా ఓ గంట ఉంచండి. కొన్ని ఫ్రేములకు బీబీ అడుగున బెజ్జం ఉంటుంది, మట్టి పూడితే చీపురుపుల్లతో పొడవండి. కరకర మొదలయ్యాక మాత్రం నూనె చుక్కలు పనికిరావు. విప్పించి, బాల్స్ మార్పించి, కొత్త గ్రీజు పెట్టించాలి. జ్ఞానాపురం రైల్వే బ్రిడ్జి కింద మోకాలి లోతు నీళ్ళలోంచి తోసుకొచ్చి ఉంటే చప్పుడు కోసం ఎదురు చూడొద్దు. చక్రాల హబ్బులు కూడా అదే వారం విప్పించండి.

మిగతావి

బ్రేకు కేబుల్ బిగుసుకుంటే తీగ బయటికి లాగి తుడిచి, పలచగా నూనె రాసి తొడగండి. తీగ పోగులు తెగి ఉంటే మార్చెయ్యడమే. వానలో పంక్చర్లు ఎక్కువ, తడి రబ్బరును గాజుపెంకు సులువుగా కోస్తుంది. ఇంటికొచ్చాక టైరు చుట్టూ ఒకసారి చూసి పెంకులు ఏరెయ్యండి.

సీటు రాడ్ ఫ్రేములో బిగుసుకుపోతే, ముఖ్యంగా స్టీలు ఫ్రేములో అల్యూమినియం రాడ్ అయితే, ఉప్పునీటికి రెండు లోహాలూ ఒకదాన్నొకటి పట్టేసుకున్నాయని అర్థం. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా ఉంచి, పొద్దున సీటు పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ లాగండి. సుత్తి జోలికి పోవద్దు. వచ్చాక గ్రీజు రాయకుండా మళ్ళీ పెట్టొద్దు.

తడి సైకిలు మీద టార్పాలిన్ కప్పి సెల్లారులో పెట్టేవాళ్ళున్నారు. లోపల ఆవిరి పట్టి అది రాత్రంతా తడిగానే ఉంటుంది. కప్పాలనుకుంటే సీటుకు మాత్రం ఓ ప్లాస్టిక్ కవరు తొడిగి, మిగతాది గాలికి వదిలెయ్యండి.