సెంట్రల్ లాక్ వేయిస్తున్నారా? ఫ్యూజ్ ఎక్కడ పెట్టారో ముందు చూడండి

మొన్న తెలిసిన గ్యారేజీకి ఒక పాత కారు వచ్చింది. సెంట్రల్ లాకింగ్, అంటే ఒక్క స్విచ్‌తో అన్ని డోర్లకూ లాక్ పడే ఏర్పాటు, కొత్తగా వేయించారట. డ్రైవర్ కాళ్ల దగ్గర మ్యాట్ కాలి అట్టకట్టుకుపోయింది. ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకుకి డ్రిల్లింగ్ చేసి, గ్రోమెట్ (రంధ్రం అంచుకి వేసే రబ్బరు రింగు) పెట్టకుండానే వైరు దూర్చారు. రేకు అంచు ఎర్ర వైరు తొడుగును కోసేసింది. కారులో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

ఫ్యూజ్ ఉంది. డ్యాష్‌బోర్డు కింద, రిలేల (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్-ఆఫ్ చేసే స్విచ్‌ల) పక్కన. అది పోనేలేదు, ఎందుకంటే షార్ట్ అయింది బ్యాటరీకీ దానికీ మధ్య వైరులో.

నేను మళ్లీ మళ్లీ చూస్తున్న తప్పు ఇదే. ఫ్యూజ్ కాపాడాల్సింది రిలేని కాదు, వైరుని. 12 వోల్టులే కదా అనుకోకండి, షార్ట్ అయితే కారు బ్యాటరీ వందల ఆంపియర్లు వదులుతుంది. ఫ్యూజ్ హోల్డర్ బ్యాటరీ ప్లస్‌కి జానెడు దూరంలోనే ఉండాలి. నాలుగు డోర్లకు మామూలుగా 15 లేదా 20 ఆంప్స్ చాలు.

ఇక రిలేలు. ఐదు పిన్నులవి రెండు కావాలి. పిన్నుల మీద నంబర్లుంటాయి. రెండింట్లోనూ 30 డోరు లాకు మోటారుకి, 87 ఫ్యూజ్ మీదుగా వచ్చే ప్లస్‌కి, 87ఏ ఎర్త్‌కి, అంటే కారు బాడీకి. 87, 87ఏ తారుమారైనా లాకులు పనిచేస్తాయి, లాక్-అన్‌లాక్ అటూ ఇటూ అవుతాయంతే. అందుకే ఎవరూ పట్టించుకోరు. కానీ అప్పుడు డోర్లోకి వెళ్లే రెండు వైర్లలోనూ రాత్రీపగలూ ప్లస్ ఉంటుంది. డోరు దగ్గర మడతపడే చోట తొడుగు అరిగితే నేరుగా షార్టే.

నొక్కి వదిలేసే స్విచ్చే పెట్టాలి. ఆన్‌లో నిలిచిపోయేది పెడితే మోటారు కాలిపోతుంది.

పని మొదలయ్యే ముందు బ్యాటరీ మైనస్ తీయించండి.
తాళం చెవి మీ జేబులో ఉండాలి, అద్దం దించి ఉండాలి.
పసుపు తొడుగున్న వైర్లు ముట్టుకోనివ్వకండి, అవి ఎయిర్‌బ్యాగ్‌వి.
వైర్లు మెలిపెట్టి టేపు చుట్టడం వద్దు. ఎండకి జిగురు కరిగి టేపు ఊడుతుంది.
డోర్‌కీ బాడీకీ మధ్య వైర్లు రబ్బరు గొట్టంలోంచే పోవాలి. అద్దం దిగే దారిలో ఒక్క వైరూ ఉండకూడదు.
ఫ్యూజ్ పోయిందని పెద్దది వేయకండి. రాగి తీగ చుట్టనే చుట్టకండి.
చైల్డ్ లాక్ తీసి, బ్యాటరీ మైనస్ విప్పి, కారులో కూర్చుని నాలుగు డోర్లూ లోపలి నుంచి చేత్తో తెరవండి. ఒక్కటి మొరాయించినా కారు తీసుకోకండి.
మళ్లీ చెబుతున్నా, ఫ్యూజ్ బ్యాటరీ పక్కనే.
బ్యాటరీ మైనస్ మళ్లీ బిగించాక, బానెట్ ఎత్తించి, ఆ ఫ్యూజ్ మీ చేత్తో పీకండి. రెండు రిలేల్లోనూ 87 దగ్గర టెస్ట్ ల్యాంప్ (కరెంటు ఉంటే వెలిగే చిన్న బల్బు) వెలగకూడదు. వెలిగిందంటే ప్లస్ ఇంకెక్కడి నుంచో లాగారన్నమాట. ఆ వైరు తీయించేదాకా డబ్బులివ్వకండి.