ఆనకట్ట కదలికల కొలత – నాలుగో పాఠం: తేడా ఎప్పుడు కదలిక అవుతుంది?

గత పాఠంలో, ఆనకట్టకు దూరంగా గట్టి రాతిపై నిలిపిన ఆధార స్తంభాల నుంచి కట్టపై ఉన్న ప్రిజంలకు (కాంతిని వెనక్కి పంపే గురి అద్దాలకు) టోటల్ స్టేషన్ అనే పరికరంతో కోణాలు, దూరాలు కొలిచి, కనిష్ఠ వర్గాల పద్ధతిలో (కొలతల్లో మిగిలే తేడాల వర్గాల మొత్తం అతి తక్కువయ్యేలా) సర్దుబాటు చేసి, ప్రతి ప్రిజం నిరూపకాలనూ వాటి ప్రామాణిక విచలనాన్నీ (కొలతలో ఎంత అనిశ్చితి ఉందో చెప్పే అంకెనూ) రాబట్టాము. ఏడాది తరువాత అదే పని మళ్లీ చేస్తే ఒక ప్రిజం స్థానంలో 2 మి.మీ. తేడా వచ్చిందనుకుందాం. ఆనకట్ట కదిలిందని నివేదికలో రాయవచ్చా?

అప్పుడే రాయకూడదు. ఒక్కో దఫాలో ఆ దిశకు ప్రామాణిక విచలనం 1 మి.మీ. అయి, రెండు దఫాల కొలతలూ ఒకదానిపై ఒకటి ఆధారపడనివైతే, తేడా విచలనం √2 రెట్లు, అంటే 1.41 మి.మీ. అవుతుంది. 95 శాతం విశ్వాస స్థాయికి దానిని 1.96తో గుణిస్తే దాదాపు 2.8 మి.మీ. వస్తుంది. మన 2 మి.మీ. ఈ హద్దుకు లోపలే ఉంది. అలాగని ‘కదలలేదు’ అని రాయడమూ తప్పే. ఈ స్తంభాలు, ప్రిజంల నెట్‌వర్క్ గుర్తించగలిగినంత కదలిక కనబడలేదని మాత్రమే రాయాలి. ఆనకట్ట కింద ఊళ్లు ఉంటాయి కనుక ఈ జాగ్రత్త మాటల పట్టింపు కాదు.

ఇంతకంటే పెద్ద చిక్కు ఆధార స్తంభాలతోనే వస్తుంది. ‘ఎ’ స్తంభంపై పరికరం పెట్టి, 400 మీటర్ల దూరంలోని ‘బి’ స్తంభాన్ని చూసి దిశను సున్నా చేశామనుకోండి. రెండు దఫాల మధ్య ‘బి’ చూపురేఖకు అడ్డంగా కుడివైపు 4 మి.మీ. జరిగి, ఆ సంగతి మనకు తెలియకపోతే, దిశలన్నీ సుమారు 2 కోణీయ సెకన్లు (ఒక సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) తిరిగిపోతాయి. 800 మీటర్ల దూరంలో కదలకుండా ఉన్న ప్రిజం ఎడమవైపు 8 మి.మీ. జరిగినట్లు కనిపిస్తుంది. ప్రిజంలన్నీ ఒకే వైపు, ‘ఎ’ నుంచి దూరానికి తగిన నిష్పత్తిలో జరిగినట్లు కనిపిస్తే, కట్టను అనుమానించే ముందు స్తంభాన్ని అనుమానించాలి. అందుకే కనీసం నాలుగు ఆధార స్తంభాలు ఉండాలని నేను గట్టిగా చెబుతాను. వాటి మధ్య కోణాలను, దూరాలను ముందుగా పోల్చి, ఒక్క స్తంభంతో ముడిపడిన కొలతలే తేడా చూపితే, దానిని స్థిర బిందువుల జాబితా నుంచి తీసేసి సర్దుబాటు మళ్లీ చేయాలి.

దిశల్లోలాగే దూరాల్లోనూ పొరపాటు దొర్లవచ్చు. గాలి ఉష్ణోగ్రతను 1 డిగ్రీ తప్పుగా నమోదు చేస్తే దూరంలో సుమారు పది లక్షలకు ఒక వంతు తేడా వస్తుంది. 600 మీటర్లకు అది 0.6 మి.మీ.

హద్దు దాటిన కదలిక అంతా ప్రమాదసూచన కాదు. 124 మీటర్ల ఎత్తున్న నాగార్జునసాగర్ వంటి రాతి ఆనకట్ట పైభాగం జలాశయం నిండినప్పుడు దిగువకు స్వల్పంగా వంగి, నీరు తగ్గాక వెనక్కి రావడం సహజం. ఎండ, చలి కూడా దానిని కదిలిస్తాయి. కాబట్టి అక్టోబరు కొలతను మే కొలతతో పోల్చి ఆందోళన పడకుండా, నీటిమట్టం, ఉష్ణోగ్రత దగ్గరదగ్గరగా ఉన్న దఫాలనే పోల్చాలి. అలా పోల్చినా ఏటేటా ఒకే దిశలో మిగిలిపోయే కదలికపైనే మన దృష్టి నిలవాలి.

అభ్యాసం: ‘ఎ’ నుంచి 200, 400, 500, 700 మీటర్ల దూరంలోని నాలుగు ప్రిజంలు వరుసగా 3, 11, 7.5, 10.5 మి.మీ. కుడివైపు జరిగినట్లు లెక్కలో వచ్చింది. ‘బి’ స్తంభం 600 మీటర్ల దూరంలో ఉంది. అది ఎటువైపు, ఎంత జరిగి ఉండవచ్చు? ఆ ప్రభావాన్ని తీసివేశాక కూడా 2.8 మి.మీ. హద్దు దాటే ప్రిజం ఏది? లెక్క వేసి ఉంచుకోండి. ఐదో పాఠం ఆ ప్రిజంతోనే మొదలవుతుంది.