ఫోరెన్సిక్ ఆంత్రోపాలజీలో పీజీ ఎక్కడ చేయాలి?

ఎముకలను చూసి చనిపోయిన మనిషి ఎవరో, వయసెంతో తేల్చే శాస్త్రం ఇది. యూనివర్సిటీ ర్యాంకుల సంగతి తర్వాత. ముందు ఆ డిపార్ట్‌మెంట్‌లో ఎముకలు ఉన్నాయో లేదో కనుక్కోండి. నన్ను సలహా అడిగే పిల్లలందరికీ నేను మొదట చెప్పేది ఇదే. ఉదాహరణకి కటి ఎముకలు రెండూ ముందువైపు కలిసే చోటు, ప్యూబిక్ సింఫిసిస్, తీసుకోండి. చిన్న వయసులో ఆ ముఖం మీద గట్లు, వాటి మధ్య గాడులు స్పష్టంగా కనిపిస్తాయి. వయసు పెరిగేకొద్దీ గట్లు చదునవుతాయి, చుట్టూ అంచు కడుతుంది. ఈ తేడా ఫొటోల్లో అంతుపట్టదు. ఎన్నో ఎముకలు చేత్తో పట్టుకుని, వేలితో తడిమి చూడాలి. అందుకే చనిపోయినప్పటి వయసు రికార్డుల్లో ఉన్న అస్థిపంజరాలు ఎన్ని ఉన్నాయో, ఎంఏ విద్యార్థులను వాటిని ముట్టుకోనిస్తారో లేదో మెయిల్ రాసి అడగండి.

శరీరం కుళ్లే క్రమం మీద ఆసక్తి ఉంటే, ఫోరెన్సిక్ ఆంత్రోపాలజిస్టు విలియం బాస్ 1980ల మొదట్లో నెలకొల్పిన పరిశోధనా స్థలం అమెరికాలోని టెన్నెసీ యూనివర్సిటీలో ఉంది. దానంగా వచ్చిన దేహాలను అక్కడ ఆరుబయట ఉంచి గమనిస్తారు. టెక్సస్ స్టేట్ యూనివర్సిటీలోనూ ఇలాంటిది ఉంది.

గైడ్ విషయంలో మొహమాటపడొద్దు. ఆయన ఇప్పటికీ కేసులు చూస్తున్నారా? విద్యార్థులను వెంట తీసుకెళ్తారా? రిపోర్టు రాయడం నేర్పుతారా? జవాబు ఆయన దగ్గరే కాదు, ఆయన కింద చదువుతున్నవాళ్ల దగ్గర కూడా తీసుకోండి. స్టైపెండ్ ఎన్నేళ్లు వస్తుందో కూడా వాళ్లే సూటిగా చెప్తారు.

అమెరికాలో ఫోరెన్సిక్ ఆంత్రోపాలజీ బోర్డు ఇచ్చే డిప్లొమేట్ సర్టిఫికేషన్‌కి పీహెచ్‌డీ తప్పనిసరి. కాబట్టి మీరు చూస్తున్న డిపార్ట్‌మెంట్‌లో ఎంఏ చేసినవాళ్లు తర్వాత పీహెచ్‌డీకి ఎక్కడ చేరారో చూసుకోండి.