పైథాన్ 2 స్క్రిప్టు పైథాన్ 3లో మొరాయిస్తుంటే

ఎర్రర్ ఇచ్చి ఆగిపోయే స్క్రిప్టుతో పెద్ద చిక్కు లేదు, ఏ లైన్లో ఆగిందో అదే చెబుతుంది. నోరు మెదపకుండా నడిచి తప్పు లెక్క తేల్చేదానితోనే తంటా. అందుకే దేన్నీ ముట్టుకోకముందే పాత అవుట్‌పుట్ ఒక కాపీ దాచుకోండి.

సమస్య: ప్రింట్ ఉన్న లైన్లో సింటాక్స్ ఎర్రర్.
కారణం: ప్రింట్ ఇప్పుడు ఫంక్షన్.
పరిష్కారం: బ్రాకెట్లు పెట్టండి, అంతే. ఈ పని చేసిపెట్టే టూటుత్రీ (2to3) టూల్ వెర్షన్ 3.13 నుంచి పైథాన్‌తో రావడం లేదు. ఫైళ్లు మరీ ఎక్కువైతే 3.12 వేసుకుని దాంతో మార్చుకోవచ్చు.

సమస్య: ఎర్రర్ లేదు, మొత్తాలు మాత్రం కలవడం లేదు.
కారణం: ఏడుని రెండుతో భాగిస్తే పైథాన్ 2లో 3 వచ్చేది, ఇప్పుడు 3.5 వస్తుంది. రౌండ్ కూడా మారింది: 2.5కి అప్పట్లో 3, ఇప్పుడు 2.
పరిష్కారం: పూర్ణాంకమే కావాల్సిన చోట రెండు స్లాష్‌లు వాడండి. ఫైలంతా ఒకేసారి రీప్లేస్ కొట్టకండి. దశాంశాలతో సరిగ్గా నడుస్తున్న భాగహారాలు కూడా చెడతాయి. విసుగే గానీ, ఒక్కో లైనూ చూడాల్సిందే.

సమస్య: తెలుగు ఉన్న ఫైలు తెరిస్తే యూనికోడ్ డీకోడ్ ఎర్రర్, లేదా పదాల పొడవు మారిపోవడం.
కారణం: పైథాన్ 2లో మామూలు స్ట్రింగ్ అంటే బైట్లే. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) ‘తెలుగు’ పొడవు అప్పుడు 18, ఇప్పుడు 6. కనిపించేవి మూడక్షరాలే కదా అంటే, గుణింతపు గుర్తులు కూడా విడిగా లెక్కకొస్తాయి మరి.
పరిష్కారం: ఫైలు తెరిచే చోట ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాసేయండి. పొడవును మూడుతో భాగించిన పాత లైను కనబడితే నవ్వుకుని తీసేయండి.

సమస్య: లూపు మొదటిసారి బానే తిరిగి, రెండోసారి ఖాళీ.
కారణం: మ్యాప్, ఫిల్టర్ ఇప్పుడు లిస్టు ఇవ్వవు, ఒక్కసారికే అయిపోయే ఇటరేటర్ ఇస్తాయి.
పరిష్కారం: ఫలితాన్ని list()లో చుట్టండి.

సమస్య: ఎప్పుడో పైథాన్ 3కి మార్చేసిన స్క్రిప్టుకి కూడా మాడ్యూల్ దొరకడం లేదు.
కారణం: డిస్ట్‌యుటిల్స్, ఇంప్ 3.12లో పోయాయి, సీజీఐ 3.13లో పోయింది.
పరిష్కారం: డిస్ట్‌యుటిల్స్‌కి బదులు సెటప్‌టూల్స్, ఇంప్‌కి బదులు ఇంపోర్ట్‌లిబ్.

అన్నీ సరిచేశాక కూడా చేత్తో నడిపితే నడిచి క్రాన్‌లో (టైముకి స్క్రిప్టుల్ని దానంతటదే నడిపే ప్రోగ్రాం) ఆగిపోతుంటే, స్క్రిప్టు మొదటి లైను చూడండి. అక్కడ ఉత్త ‘పైథాన్’ అని ఉంటే ‘పైథాన్3’ చేయండి.