వీణకీ హెడ్‌ఫోన్‌కీ మధ్య ఆలస్యం: నా అనుభవం

విజయవాడ సత్యనారాయణపురంలో మా ఇంట్లోనే లైనక్స్ కంప్యూటర్ మీద అక్క వీణ రికార్డు చేస్తుంటాను. మీటిన కాసేపటికిగానీ స్వరం హెడ్‌ఫోన్‌లో వినపడట్లేదని, గమకం పట్టు తప్పుతోందని అక్క బాధపడింది. చూస్తే, లైనక్స్‌లో ధ్వనిని నడిపే జాక్ అనే ప్రోగ్రాములో బఫర్ (ధ్వని కాసేపు ఆగే చోటు) ఒక్కో విడతకి, అంటే పీరియడ్‌కి, 1024 ఫ్రేములు; అలాంటి పీరియడ్లు రెండు. 48,000 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి అన్ని ఫ్రేముల లెక్కన, అది దాదాపు 43 మిల్లీసెకన్లు. 128కి దించితే పీరియడ్ 2.7 మిల్లీసెకన్లే, కానీ పోపు వేసినట్టు ఒకటే చిటపటలు.

ప్రాసెసర్ బలం చాలక కాదు, ఆడియోకి వేళకి వంతు రాక. ముందు ఆడియో గ్రూపుకి ఆర్‌టీప్రయో (మిగతా పనులకన్నా ముందు వంతు తీసుకునే హక్కు) 95, మెమ్‌లాక్ (మెమరీని డిస్కుకి తరలకుండా పట్టి ఉంచే హక్కు) అన్‌లిమిటెడ్ ఇచ్చి, నా యూజర్‌ని అందులో చేర్చాను. కొంత తగ్గింది. అసలు మార్పు, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు లైనక్స్‌ని లేపే గ్రబ్‌లో వచ్చింది. అందులో కెర్నెల్‌కి (లైనక్స్ గుండెకాయకి) ఆదేశాలిచ్చే లైనుకి ప్రీఎంప్ట్=ఫుల్, థ్రెడ్‌ఐఆర్‌క్యూస్ రెండూ కలిపాను. మొదటిది కెర్నెల్ తన పనిలో ఉన్నా మధ్యలో ఆపి ఆడియోకి దారి ఇప్పిస్తుంది. రెండోది ఇంటరప్టులను (పరికరాలు ప్రాసెసర్‌ని పిలిచే పిలుపులను) థ్రెడ్లుగా, అంటే వంతులవారీగా నడిచే పనులుగా, మారుస్తుంది, వాటికీ ప్రయారిటీ పెట్టుకోవచ్చు. డైనమిక్ ప్రీఎంప్షన్‌తో (ఈ తీరుని మొదలయ్యేటప్పుడే ఎంచుకోనిచ్చే సదుపాయంతో) వచ్చిన కెర్నెల్ అయితే మళ్లీ కంపైల్ చేయక్కర్లేదు. దీనికన్నా ఒక మెట్టు పైది, కెర్నెల్‌ని పూర్తిగా రియల్‌టైమ్ చేసే ప్రీఎంప్ట్ ఆర్‌టీ, ఏళ్ల తరబడి విడి ప్యాచ్‌గా ఉండి 2024లో 6.12 వెర్షన్‌తో అసలు లైనక్స్‌లోకి వచ్చింది. ఎంత ఓపిక పట్టారో ఆ రాసినవాళ్లు! నాకైతే అంతదాకా అవసరం పడలేదు.

అక్కడక్కడా ఇంకా ఒక చిటుక్కుమనే శబ్దం. ప్రాసెసర్ వేగాన్ని నడిపే గవర్నర్‌ని పర్ఫార్మెన్స్‌లో పెట్టి, రికార్డింగ్ సేపు వైఫై ఆపాను. నాది యూఎస్‌బీ సౌండ్ కార్డు కాబట్టి మూడు పీరియడ్లు ఉంచాను, మొత్తం 8 మిల్లీసెకన్లు. ఆ సాయంత్రం అక్క కల్యాణి ఆలాపన అరగంట వాయించింది. ఎక్స్‌రన్ (ధ్వని వేళకి అందక తెగడం) ఒక్కటీ లేదు.