పాత రశీదుల్లోని ఫసలీని చదవడం ఎలా

కోనసీమలో పాత ఇంటి భోషాణం తెరిస్తే శిస్తు రశీదో అడంగల్ (గ్రామ పంటల లెక్క) నకలో బయటపడడం, దాని పైభాగాన "ఫసలీ 1362" వంటి అంకె కనిపించడం మామూలే. గ్రామ లెక్కలు రాసే కరణాల వ్యవస్థ 1984లో రద్దయినా ఫసలీ అనే ఈ శిస్తు సంవత్సరపు కాలగణన రెవెన్యూ లెక్కల్లో నిలిచే ఉంది కనుక, దానిని చదవడం నేర్చుకోవడం భూమి ఉన్న ప్రతి కుటుంబానికీ అవసరమే.

ఫసలీ అంకెకు 590 కలిపితే అది మొదలైన క్రీస్తుశక సంవత్సరం వస్తుంది. ఆ ఏడాది జులై 1న మొదలై మరుసటి జూన్ 30తో ముగుస్తుంది. అంటే ఫసలీ 1362 అనగా 1952 జులై నుండి 1953 జూన్ వరకు. తేదీ తెలిసి ఫసలీ కావలసినప్పుడు జులై నుండి డిసెంబరు వరకు గల నెలలకు 590, జనవరి నుండి జూన్ వరకు గల నెలలకు 591 తీసివేయాలి. 1968 మార్చి నాటి కాగితం ఫసలీ 1377లోకి వస్తుంది, 1378లోకి కాదు. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఈ ఒక్క అంకె దగ్గరే.

ఈ 590 ఎక్కడిదంటే, ఫసల్ అనే అరబ్బీ మాటకు పంట, కోతకాలం అని అర్థం. హిజరీ సంవత్సరం చాంద్రమానం కావడం వల్ల ఏటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరిగిపోయి, పంట చేతికి రాకముందే శిస్తు గడువు వచ్చిపడేది. అందుకని అక్బరు కాలంలో హిజరీ అంకెనే ఉంచి గణనను మాత్రం సౌరమానానికి మార్చారు. దక్కనులో ఆ మార్పు షాజహాను కాలంలో, 1636లో, హిజరీ 1046 నుండి జరిగింది. ఆ రెంటి తేడాయే మన 590. ఉత్తరాది ఫసలీ వేరే అంకెతో నడుస్తుంది. మద్రాసు ప్రభుత్వం 1855లో సంవత్సరాదిని జులై 1కి స్థిరపరచింది.

డెల్టా సేద్యానికి ఈ లెక్క చక్కగా అతుకుతుంది. సార్వా (తొలకరి వరి) ఊడ్పులు, కోతలు, ఆ వెనుక దాళ్వా (రెండో పంట) నాట్లు, వేసవి మాసూళ్లు అన్నీ ఒకే ఫసలీలో ఇముడుతాయి. జనవరి నుండి లెక్కిస్తే దాళ్వా ఒక ఏటికి, సార్వా మరో ఏటికి చీలిపోయేది. అందుకే అడంగల్‌లో ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారన్నది ఫసలీవారీగా రాస్తారు, జమాబందీలో గ్రామ లెక్కలను తనిఖీ చేసేదీ ఫసలీని బట్టే.

రశీదు చదివేటప్పుడు ఫసలీని తేదీగా పొరబడకూడదు. ఫసలీ ఏ ఏటి బాకీ అన్నది చెబుతుంది, తేదీ సొమ్ము ఎప్పుడు ముట్టిందన్నది చెబుతుంది. బకాయి ఆలస్యంగా కట్టినవారి రశీదులో ఈ రెండూ పొసగకపోవడం సహజం, దానిని దొంగ కాగితంగా అనుమానించనక్కరలేదు. అలాగే ఫసలీ 1363 తొలి మూడు నెలలు మద్రాసు రాష్ట్రంలోనూ, 1953 అక్టోబరు 1 నుండి మిగతా తొమ్మిది నెలలు ఆంధ్ర రాష్ట్రంలోనూ గడిచాయి. కోనసీమ జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది గనుక ఫసలీ 1431 కాగితాలపై తూర్పు గోదావరి అని ఉన్నా, కోనసీమ అని ఉన్నా తప్పు కాదు.

దస్తావేజులో తెలుగు సంవత్సరం పేరు కూడా ఉంటే సరిచూసుకోవడం సులువు, కాని ఉగాది ఫసలీ మధ్యలో వస్తుందని మరువరాదు: ఫసలీ 1362లో వేసవి వరకు నందన, ఆపైన విజయ నామ సంవత్సరాలు ఉంటాయి. నిజాం ఇలాకా నుండి వచ్చిన బంధువుల కాగితాల్లో ఆజూర్, దై, బహ్మన్ వంటి నెలల పేర్లు కనిపిస్తే ఆ ఫసలీ జులైలో మొదలయ్యేది కాదు. పైన చెప్పిన సూత్రాన్ని దానికి యథాతథంగా వాడరాదు.

తహసీల్దారు కార్యాలయంలో పాత అడంగల్ నకలుకు అర్జీ పెట్టేటప్పుడు గ్రామం, సర్వే నంబరుతో పాటు క్రీస్తుశక సంవత్సరానికి బదులు "ఫసలీ 1372 నుండి 1380 వరకు" అని రాయడం మేలు. సంవత్సరం ఒక్కటే రాస్తే అది రెండు ఫసలీలకు తగులుతుంది, రికార్డు గదిలో వెతికేవారు అందులో ఒక్కదానినే తీసి ఇవ్వవచ్చు.